హెక్స్ ఫైలును బైట్లుగా మార్చడానికి ఏది మేలు?

ఫైల్లో హెక్స్ (0 నుంచి 9, ఎ నుంచి ఎఫ్ గుర్తులతో రాసే సంఖ్యలు, రెండు గుర్తులకు ఒక బైటు) ఉంది, కోడ్‌లో బైట్లు కావాలి, ఏ పద్ధతి వాడాలి? ఈ ప్రశ్న నన్ను తరచూ అడుగుతూనే ఉంటారు. అమీర్‌పేటలో కోర్సు ముగించి మొదటి ఉద్యోగంలో చేరినవాళ్లు అడుగుతారు. చర్లపల్లి వైపు యూనిట్లలో బోర్డులు టెస్ట్ చేసేవాళ్లు అడుగుతారు. మాదాపూర్‌లో బ్యాకెండ్ రాసేవాళ్లకూ, ఏదో ఒక పేమెంట్ కీ హెక్స్‌లో చేతికొచ్చిన రోజున ఇదే సందేహం వస్తుంది. నెట్‌లో వెతికితే నాలుగైదు జవాబులు దొరుకుతాయి. ఏది కాపీ చేసి పెట్టినా పనిచేస్తుంది. అన్నీ పనిచేస్తున్నప్పుడు ఏది వాడితే ఏంటి అనిపిస్తుంది.

ఫైలు శుభ్రంగా ఉన్నంతసేపే అన్నీ పనిచేస్తాయి. చేతికొచ్చే ఫైళ్లు అలా ఉండవు. చాలామంది వేగం చూస్తారు, ఎన్ని లైన్ల కోడ్ అని చూస్తారు. నేను మాత్రం ముందు చూసేది వేరు: హెక్స్ కాని అక్షరం ఒకటి ఎదురుపడితే ఈ పద్ధతి ఏం చేస్తుంది? ఆగి, ఎక్కడ తప్పుందో చెబుతుందా? లేక నోరు మెదపకుండా తప్పు బైట్లు చేతిలో పెడుతుందా? దీని తర్వాతే మిగతావన్నీ.

పరీక్షించడానికి పెద్ద ఏర్పాటేం అక్కర్లేదు. హైదరాబాద్‌ను క్లుప్తంగా ఇంగ్లీషులో మూడక్షరాలతో రాస్తాం కదా, పెద్ద హెచ్, చిన్న వై, చిన్న డి. వాటి ఆస్కీ కోడ్లు (ఇంగ్లీషు అక్షరాలకు కంప్యూటర్ వాడే సంఖ్యలు) హెక్స్‌లో 48, 79, 64. ఫైల్లో అవి మధ్యలో స్పేసులతో ఉన్నాయనుకోండి:

48 79 64

రావాల్సినవి 3 బైట్లు. ఇదేమీ కావాలని పెట్టిన చిక్కు కాదు. కోఠి గుజరాతీ గల్లీలో కొన్న యూఎస్‌బీ-సీరియల్ మాడ్యూల్ తగిలించి బోర్డు నుంచి డేటా పట్టుకుంటే, టెర్మినల్ సాఫ్ట్‌వేర్ లాగు ఫైల్లో సాధారణంగా రాసేది ఇలాగే. ఈ ఒక్క లైనును రకరకాల పద్ధతులకు ఇచ్చి చూస్తే వాటి స్వభావం బయటపడుతుంది.

పైథాన్‌లో మూడు దారులు

అందరికీ ముందు తట్టేది రెండేసి అక్షరాలు కోసి, ఒక్కో ముక్కను ఇంట్ ఫంక్షన్‌కు బేస్ 16 తో ఇవ్వడం. పైన ఉన్న లైను ఇస్తే ముక్కలు ఎలా పడతాయో చూడండి. మొదటిది 48. రెండోది స్పేసు, 7. మూడోది 9, స్పేసు. నాలుగోది 64. ఇంట్ ఫంక్షన్ ముందూ వెనకా ఉన్న స్పేసులను తీసేసి చదువుతుంది కాబట్టి రెండో ముక్క 7 అవుతుంది, మూడోది 9 అవుతుంది. మొత్తం 48, 07, 09, 64 అని 4 బైట్లు వస్తాయి. ఎర్రర్ లేదు, వార్నింగ్ లేదు. 3 రావాల్సిన చోట 4 వచ్చాయని ఎవరైనా లెక్కపెట్టి చూస్తే తప్ప తెలియదు.

తప్పు ఇంట్ ఫంక్షన్‌ది కాదు. అది మనిషి టైప్ చేసిన సంఖ్యను చదవడానికి పుట్టింది. అందుకే ఉదారంగా ఉంటుంది. ముందు ప్లస్ గుర్తు ఉన్నా సరే అంటుంది, బేస్ 16 అని చెప్పాక హెక్స్ అని తెలిపే సున్నా-ఎక్స్ ముందు తగిలించినా సరే అంటుంది. వెబ్ పేజీల నుంచి, వర్డ్ ఫైళ్ల నుంచి కాపీ చేసినప్పుడు వచ్చే నాన్-బ్రేకింగ్ స్పేసునూ మామూలు స్పేసులాగే తీసేస్తుంది. తెలుగువాళ్లకు ఆసక్తిగా ఉండే సంగతి ఇంకొకటుంది: మన తెలుగు అంకెలు ౧౨ ఇచ్చినా వాటిని 12 గానే చదివి, బేస్ 16 ప్రకారం 18 అని జవాబిస్తుంది. యూనికోడ్‌లో దశాంశ అంకెగా నమోదైన ఏ లిపి అంకెనైనా అది ఒప్పుకుంటుంది. భాష పట్ల ఆ మర్యాద నాకు ఎంతో నచ్చుతుంది. కానీ ఒక ఫర్మ్‌వేర్ (బోర్డులో నడిచే ప్రోగ్రామ్) ఫైలు చదివేటప్పుడు నాకు ఆ మర్యాద వద్దు. అక్కడ తెలుగు అంకె కనిపించిందంటే ఫైలు ఎక్కడో పాడైందని అర్థం, ఆ సంగతి నాకు వెంటనే తెలియాలి.

రెండో దారి బైన్ఆస్కీ మాడ్యూల్‌లోని అన్‌హెక్స్‌లిఫై. ఇది పూర్తిగా వ్యతిరేక స్వభావం. హెక్స్ అంకెలు తప్ప మరేదీ ఒప్పుకోదు, స్పేసు కూడా. మన లైను ఇస్తే హెక్స్ కాని అంకె కనిపించిందని ఎర్రర్ ఇచ్చి ఆగిపోతుంది. మంచిదే. కాకపోతే ఎక్కడ కనిపించిందో చెప్పదు. 4 వేల అక్షరాల లైన్లో హెక్స్ కానిది ఏదో ఉంది అంటే మనం ఎక్కడని వెతకాలి?

దీనితో మరో తికమక ఉంది. స్పేసులు లేని శుభ్రమైన ఫైలును లైను లైనుగా చదివి, చివరి న్యూలైన్ (లైను ముగిసిందనే గుర్తు) తీయకుండా నేరుగా దీనికి ఇస్తే, పొడవు బేసి సంఖ్యలో ఉందన్న ఎర్రర్ వస్తుంది. డేటాలో ఒక అంకె పోయిందేమోనని కంగారు పడతాం. నిజానికి డేటా బాగానే ఉంది, న్యూలైన్ ఒక అక్షరం ఎక్కువైంది, అంతే. అదే ఫైలు విండోస్‌లో తయారై, మనం బైనరీ మోడ్‌లో తెరిచి ఉంటే లైను చివర రెండు అక్షరాలుంటాయి. అప్పుడు పొడవు సరి సంఖ్యే, కాబట్టి ఈసారి వచ్చేది హెక్స్ కాని అంకె ఎర్రర్. కారణం ఒక్కటే, ఎర్రర్లు రెండు రకాలు. కొత్తవాళ్లు గంటలకొద్దీ తిరిగేది ఇక్కడే. ఇవ్వబోయే ముందు స్ట్రిప్ చేస్తే, అంటే చివర ఉన్న ఖాళీలు తీసేస్తే సరిపోతుంది.

మూడోది బైట్స్ టైప్‌లోనే ఉన్న ఫ్రమ్‌హెక్స్. నా ఓటు దీనికే. మన లైను ఇస్తే సరిగ్గా 3 బైట్లు ఇస్తుంది. పైథాన్ 3.7 నుంచి స్పేసు ఒక్కటే కాదు, ట్యాబ్, న్యూలైన్ లాంటి ఆస్కీ ఖాళీలన్నీ దాటుకుపోతుంది. అయితే దాటడం బైటుకు బైటుకు మధ్యనే. ఒకే బైటులోని రెండు అంకెల మధ్య ఖాళీ వస్తే ఒప్పుకోదు. 4 తర్వాత స్పేసు, ఆ తర్వాత 8 ఉంటే ఆగిపోతుంది. ఈ చిన్న నియమం నాకు బాగా నచ్చుతుంది. లైను మధ్యలో బైటు తెగిపోయిందంటే ఏదో తేడా జరిగిందనే లెక్క, దాన్ని అతికించి సర్దేయడం కంటే చెప్పడమే మేలు.

పైగా ఎర్రర్‌లో స్థానం చెబుతుంది. హెక్స్ కానిది ఫలానా పొజిషన్లో ఉందని అంకెతో సహా. నాన్-బ్రేకింగ్ స్పేసు దాక్కుని ఉంటే కంటికి కనపడదు కానీ ఇది పట్టేస్తుంది, చోటు చూపిస్తుంది. తెలుగు అంకెలు ఇస్తే వెంటనే తిప్పికొడుతుంది. స్థానం 0 అని ఎర్రర్ వస్తే నేను ముందు అనుమానించేది ఫైలు ఎన్‌కోడింగ్‌నే, అంటే అక్షరాలను బైట్లుగా దాచిన తీరునే. విండోస్ పవర్‌షెల్ 5.1 లో గ్రేటర్-దాన్ గుర్తుతో ఫైల్లోకి మళ్లిస్తే అది యూటీఎఫ్-16 లో, ముందు బీఓఎం (ఎన్‌కోడింగ్ ఏదో తెలిపే, కంటికి కనపడని గుర్తు) తగిలించి రాస్తుంది. చూడటానికి నోట్‌ప్యాడ్‌లో అంతా మామూలుగానే ఉంటుంది. చదివే కోడ్‌కు మాత్రం మొదటి అక్షరమే హెక్స్ కాదు. యూటీఎఫ్-8 లోనే ఉండి బీఓఎం మాత్రమే అడ్డమైతే, ఫైలు తెరిచేటప్పుడు ఎన్‌కోడింగ్ పేరు యూటీఎఫ్-8-సిగ్ అని ఇస్తే చాలు.

ఫ్రమ్‌హెక్స్‌కు ఉన్న ఒక లోటు: పైథాన్ 3.14 కు ముందు అది స్ట్రింగ్‌నే తీసుకునేది, బైనరీ మోడ్‌లో చదివిన బైట్లు ఇస్తే ఒప్పుకునేది కాదు. నెట్‌వర్క్ నుంచి నేరుగా వచ్చే డేటాకు, అందులో ఖాళీలు అసలు ఉండకూడని ప్రోటోకాల్‌కు అన్‌హెక్స్‌లిఫై వాడటం సబబే. స్పేసు కూడా తప్పే అయిన చోట దాని కాఠిన్యం పనికొస్తుంది. కోడెక్స్ మాడ్యూల్‌తో హెక్స్ డీకోడ్ చేసే దారి కూడా ఒకటుంది. పాత పైథాన్ 2 అలవాటు ఉన్నవాళ్లు దాన్ని వాడతారు, కొత్త కోడ్‌లో దాని అవసరం నాకు కనపడలేదు.

వేగం సంగతి కూడా అడుగుతారు కాబట్టి: అన్‌హెక్స్‌లిఫై, ఫ్రమ్‌హెక్స్ రెండూ లోపల సీ లో రాసినవే. రెండేసి అక్షరాలు కోసి ఇంట్‌కు ఇచ్చే పద్ధతిలో ఒక్కో బైటుకు ఒక్కో చిన్న స్ట్రింగ్ పుడుతుంది కాబట్టి అదే నెమ్మది. అంటే తప్పులు దాచేదే నిదానంగా నడిచేది కూడా. అన్‌హెక్స్‌లిఫై, ఫ్రమ్‌హెక్స్‌ల మధ్య తేడా మన ఫైళ్ల సైజుకు పట్టించుకోదగ్గది కాదు.

మొత్తం ఫైలు ఒకేసారా, లైను లైనుగానా?

పద్ధతి ఎంచుకున్నాక ఈ ప్రశ్నే ముఖ్యం, కానీ దీన్ని దాదాపు ఎవరూ అడగరు. ఫ్రమ్‌హెక్స్ న్యూలైన్లను కూడా దాటేస్తుంది కాబట్టి ఫైలంతా ఒకేసారి చదివి ఇచ్చేయడం సులువు. ఒక్క లైను కోడ్. నేను మాత్రం లైను లైనుగానే ఇమ్మంటాను. ఎందుకో చూడండి.

హైదరాబాద్ పేరు మొత్తం ఇంగ్లీషు అక్షరాల్లో రాస్తే 9 బైట్లు, హెక్స్‌లో 18 అంకెలు: 487964657261626164. ఇందులో ఎ నుంచి ఎఫ్ దాకా ఉండే అక్షరం ఒక్కటి కూడా లేదు, అన్నీ 0 నుంచి 9 అంకెలే. ఇప్పుడు రెండో అంకె 8 ఎగిరిపోయిందనుకోండి. మిగిలినదాన్ని జతలు కడితే 47, 96, 46, 57, 26, 16, 26, 16, చివర ఒంటరిగా 4. మొదటి బైటు జి అయింది, రెండోది ఆస్కీయే కాదు, తర్వాతివి ఎఫ్, డబ్ల్యూ, యాంపర్‌సాండ్. పోయింది ఒక్క అంకె, చెడింది ఆ తర్వాతిదంతా. ప్రతి ముక్కా చెల్లుబాటయ్యే హెక్సే కాబట్టి ఏ లైబ్రరీ కూడా అంకె ఎక్కడ పోయిందో చెప్పలేదు. చివరికొచ్చేసరికి ఒకటి మిగిలింది కాబట్టి తేడా ఉందని మాత్రం చెప్పగలదు.

5 మెగాబైట్ల బైట్లంటే ఫైల్లో కనీసం 10 మెగాబైట్ల హెక్స్. అంత ఫైలంతా న్యూలైన్లు, స్పేసులు తీసేసి ఒకే స్ట్రింగ్‌గా ఇచ్చి చివర ఒకటి మిగిలిందని తెలిస్తే లాభమేంటి? ఇంకా ఘోరం, ఒక చోట ఒక అంకె, చాలా దూరంలో మరో అంకె పోతే మొత్తం పొడవు సరి సంఖ్యే అవుతుంది. లైన్లు కలిపి స్ట్రిప్ చేసేసి ఉంటే ఆ మధ్యలోదంతా జరిగిపోయి, ఎర్రర్ లేకుండా బయటికొస్తుంది. అదే లైను లైనుగా మార్చి, లైను నంబరు పట్టుకుని ఉంటే 1,203వ లైన్లో తేడా ఉంది అని సూటిగా చెప్పొచ్చు. ఆ తేడా ఆ ఒక్క లైనుకే పరిమితమవుతుంది, పక్క లైన్లోకి పాకదు. లాగు ఫైళ్లలో ప్రతి లైనుకూ ఇన్ని బైట్లుండాలని ముందే తెలిస్తే ఆ సంఖ్య కూడా సరిచూడండి. ఈ మధ్య మా టెస్టింగ్ టీమ్ కోసం మీటరు లాగులు చదివే చిన్న టూల్ రాసినప్పుడు నేను పెట్టింది ఇదే: లైనుకో ఫ్రమ్‌హెక్స్, విఫలమైతే లైను నంబరు, స్థానం, ఆ స్థానంలో ఉన్న అక్షరం యూనికోడ్ నంబరుతో సహా. చివరిది ఎందుకంటే నాన్-బ్రేకింగ్ స్పేసును తెర మీద మామూలుగా చూపిస్తే ఎవరికీ అర్థం కాదు.

నోడ్ జేఎస్‌లో జాగ్రత్త

నాకు నిజంగా ఆందోళన కలిగించేది ఇదే. నోడ్‌లో (బ్రౌజర్ బయట జావాస్క్రిప్ట్ నడిపేది) అందరూ వాడేది బఫర్ డాట్ ఫ్రమ్, ఎన్‌కోడింగ్ హెక్స్. మన 48 79 64 ఇస్తే వచ్చేది ఒకే ఒక్క బైటు, 48. మొదటి స్పేసు కనపడగానే అక్కడితో ఆపేసి, అప్పటిదాకా వచ్చినది ఇచ్చి తేలు కుట్టిన దొంగలా ఊరుకుంటుంది. బేసి సంఖ్యలో అంకెలుంటే చివరి దాన్ని వదిలేస్తుంది. ఇది బగ్ కాదు, డాక్యుమెంటేషన్‌లో రాసి ఉన్న ప్రవర్తనే. కానీ డాక్యుమెంటేషన్‌లో ఆ వాక్యం దాకా వెళ్లి చదివేవాళ్లు ఎంతమంది?

లాగు ఫైలైతే ఎవరో ఒకరు డేటా తక్కువైందని గమనిస్తారు. సీక్రెట్ కీల దగ్గర పరిస్థితి వేరు. కీ ఉన్న ఫైలు ముందు బీఓఎం ఉందనుకోండి. నోడ్‌లో ఫైలును యూటీఎఫ్-8 అని చదివినా బీఓఎం దానంతటది పోదు. మొదటి అక్షరమే హెక్స్ కాదు కాబట్టి బఫర్‌లో వచ్చేది 0 బైట్లు. ఏఈఎస్ (డేటాను ఎన్‌క్రిప్ట్ చేసే పద్ధతి) అయితే కీ పొడవు కుదరలేదని గొడవ చేస్తుంది, బతికిపోతాం. హెచ్‌మ్యాక్ (కీతో సందేశానికి సంతకం వేసే పద్ధతి) ఎంత పొడవు కీ అయినా ఒప్పుకుంటుంది. ఖాళీ కీతోనే సంతకాలు వేస్తూ పోతుంది. రెండు వైపులా అదే కోడ్, అదే ఫైలు ఉంటే సంతకాలు సరిపోతాయి కూడా. టెస్టులన్నీ పాస్. కానీ ఖాళీ కీతో ఆ సంతకం ఎవరైనా వేయగలరు.

అందుకని నోడ్‌లో బఫర్ వాడేవాళ్లు ముందు ఒక రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్‌తో స్ట్రింగ్ అంతా హెక్స్ అంకెలేనా, పొడవు సరి సంఖ్యేనా అని చూసుకోండి. మార్చాక బఫర్ పొడవు స్ట్రింగ్ పొడవులో సరిగ్గా సగం ఉందో లేదో చూడటం ఇంకా తేలిక, అయితే అది ఒక్కటే చేస్తే బేసి పొడవును భాగించేటప్పుడు కింది అంకెకు కుదించకండి. కొత్త జావాస్క్రిప్ట్‌లో యూఇంట్8అరే టైప్‌కే ఫ్రమ్‌హెక్స్ వచ్చింది. అది కఠినమైనది, స్పేసు ఉన్నా, బేసి పొడవున్నా సింటాక్స్ ఎర్రర్ విసురుతుంది. మీ నోడ్ వెర్షన్‌లోనో, మీరు సపోర్ట్ చేయాల్సిన బ్రౌజర్లలోనో అది ఉంటే రెండో ఆలోచన లేకుండా దానికి మారిపోండి. స్పేసులున్న లాగులకు ముందు స్పేసులు తీసి ఇవ్వండి.

పార్స్‌ఇంట్‌తో రెండేసి అక్షరాలు కోసే పద్ధతి ఇక్కడా ఉంది, పైథాన్ దానికంటే ప్రమాదం. 1 తర్వాత జి ఉంటే జి ని వదిలేసి 1 ఇస్తుంది. ముందే జి ఉంటే నాన్ ఇస్తుంది, అంటే సంఖ్య కాదు అనే విలువ. దాన్ని యూఇంట్8అరేలో పెడితే మారు మాట్లాడకుండా 0 అయి కూర్చుంటుంది. నిజమైన 0 కు, ఈ 0 కు తేడా ఇక ఎప్పటికీ తెలియదు. దీన్ని వాడొద్దు.

సీ లో: స్కాన్‌ఎఫ్ కుటుంబమా, సొంత టేబులా?

ఎంబెడెడ్ వైపు ఉన్నవాళ్లకు ఇది రోజువారీ ప్రశ్న. సులువుగా కనిపించేది ఎస్‌స్కాన్‌ఎఫ్ (ఇచ్చిన ఫార్మాట్ ప్రకారం స్ట్రింగ్ నుంచి విలువలు చదివే ఫంక్షన్), ఫార్మాట్‌లో వెడల్పు 2, రకం హెచ్‌హెచ్‌ఎక్స్, పాయింటర్‌ను రెండేసి చొప్పున ముందుకు జరపడం. మన లైను ఇస్తే ఏమవుతుందో చూడండి. మొదట 48. పాయింటర్ స్పేసు దగ్గరికి వస్తుంది; ఎస్‌స్కాన్‌ఎఫ్ స్పేసును దాటి 79 చదువుతుంది, ఎందుకంటే దాటిన ఖాళీ వెడల్పు లెక్కలోకి రాదు. పాయింటర్ రెండు జరిగితే 9 దగ్గర ఉంటుంది, కాబట్టి ఈసారి 9. తర్వాత 64. ఫలితం 48, 79, 09, 64. ప్రతిసారీ రిటర్న్ విలువ 1, అంటే విజయమే. రిటర్న్ విలువ చూసుకోండి అని సీనియర్లు చెప్పే సలహా మంచిదే కానీ ఇక్కడ అది కూడా కాపాడదు. చూడకపోతే ఇంకో గండం: విఫలమైన చోట అరేలో అంతకుముందు ఏముందో అదే ఉండిపోతుంది.

హెచ్‌హెచ్ అనే రెండక్షరాలు మర్చిపోయి ఒట్టి ఎక్స్ అని రాస్తే ఒక బైటు చోటులో పూర్తి ఇంట్, అంటే సాధారణంగా 4 బైట్లు రాస్తుంది. చివరి బైటు దగ్గర అరే దాటి పక్క వేరియబుల్‌ను తొక్కుతుంది. ఆర్మ్ కంట్రోలర్లకు చాలామంది వాడే న్యూలిబ్-నానో లైబ్రరీలో సైజు తగ్గించడం కోసం హెచ్‌హెచ్ లాంటి సీ99 ఫార్మాట్లకు సపోర్ట్ తీసేశారు. ల్యాప్‌టాప్ మీద సరిగ్గా పనిచేసిన కోడ్ బోర్డు మీద వింతగా ప్రవర్తిస్తే ముందు చూడాల్సిన చోట్లలో ఇదొకటి.

నెమ్మదితనం కూడా ఉంది. పొడవాటి స్ట్రింగ్ మీద పదేపదే ఎస్‌స్కాన్‌ఎఫ్ పిలిస్తే, చాలా లైబ్రరీలు పిలిచిన ప్రతిసారీ మిగిలిన స్ట్రింగ్ పొడవంతా కొలుస్తాయి. ఫైలు పెరిగేకొద్దీ సమయం దాని వర్గంలా పెరుగుతుంది. 2021 లో గ్రాండ్ తెఫ్ట్ ఆటో ఆన్‌లైన్ గేమ్ లోడవడానికి అన్ని నిమిషాలు ఎందుకు పడుతోందో ఒక డెవలపర్ బయటి నుంచే తవ్వి చూస్తే, 10 మెగాబైట్ల జేసన్ మీద ఎస్‌స్కాన్‌ఎఫ్ ఇలాగే నడుస్తున్నట్టు తేలింది. ఉన్న రెండు ముఖ్య కారణాల్లో అదొకటి.

స్ట్రింగ్‌ను సంఖ్యగా చదివే ఎస్‌టీఆర్‌టీఓఎల్ కాస్త మెరుగు, ఎక్కడ ఆగిందో చెబుతుంది. కానీ అదీ ప్లస్‌లు, మైనస్‌లు, ముందు స్పేసులు, సున్నా-ఎక్స్‌లు అన్నీ మింగుతుంది.

సీ లో నేను రాసేది 256 గడుల టేబుల్. ప్రతి అక్షరం కోడ్‌కు ఒక గడి: హెక్స్ అంకె అయితే దాని విలువ, కాకపోతే 255. రెండు అక్షరాల విలువలు తీసి, రెండింటినీ బిట్‌వైజ్ ఆర్ చేసి, పై 4 బిట్లలో ఏదైనా 1 ఉందేమో చూడాలి. ఉంటే ఆ స్థానం రిటర్న్ చేసి ఆగిపోవాలి. లేకపోతే మొదటిదాన్ని 4 బిట్లు ఎడమకు జరిపి రెండోదానితో కలపాలి. స్పేసులు దాటాలా వద్దా అన్నది నా చేతిలో ఉంటుంది, బైటు మధ్యలో దాటను. ఇరవై లైన్లకు మించని కోడ్. ఇండెక్స్ ఇచ్చే ముందు అక్షరాన్ని అన్‌సైన్డ్ చేయడం మాత్రం మరవకండి, లేకపోతే చార్ టైప్ సైన్డ్‌గా ఉండే కంపైలర్లలో 127 దాటిన అక్షరాలు మైనస్ ఇండెక్స్ అవుతాయి. తెలుగు అక్షరం యూటీఎఫ్-8 లో ఒక్కోటి 3 బైట్లు, మూడూ 127 పైనవే. అలాంటి చోట లాగులో తెలుగు ఉన్న లైను ఒకటి వచ్చిందంటే టేబుల్ బయటికి పోయినట్టే.

టేబుల్ కూడా లేకుండా కోడ్‌లోని కింది 4 బిట్లు తీసుకుని, అక్షరమైతే 9 కలిపే చిట్కా ఒకటి తిరుగుతుంటుంది. పెద్ద ఎ కోడ్ 65, కింది బిట్లు 1, దానికి 9 కలిపితే 10. అందంగా ఉంటుంది. అదే జి ఇస్తే 7 కు 9 కలిపి 16 వస్తుంది, 4 బిట్లలో పట్టక పక్క సగాన్ని కూడా పాడుచేస్తుంది. ముందు సరిచూసుకున్న డేటా మీద అయితే వాడుకోవచ్చు. సరిచూడాలంటే ఎలాగూ టేబులో, రెండు మూడు పోలికలో కావాలి కదా, మరి మిగిల్చిందేంటి?

మిగతావి

జావాలో 17 నుంచి హెక్స్‌ఫార్మాట్ క్లాస్ ఉంది, కఠినంగా ఉంటుంది, మధ్యలో స్పేసు ఉంటుందని ముందే చెబితే 48 79 64 ను సరిగ్గా చదువుతుంది. అదే వాడండి. బిగ్‌ఇంటీజర్‌తో మార్చే పాత చిట్కా మానేయండి, ముందున్న సున్నా బైట్లను మింగేస్తుంది, కొన్నిసార్లు గుర్తు కోసం తానే ఒక సున్నా బైటు చేరుస్తుంది. సీ షార్ప్‌లో డాట్‌నెట్ 5 నుంచి కన్వర్ట్ క్లాస్‌లో ఫ్రమ్‌హెక్స్‌స్ట్రింగ్ వచ్చింది. గో లో ప్రామాణిక హెక్స్ ప్యాకేజీ ఉంది, తప్పు అక్షరమేదో ఎర్రర్‌లో చెబుతుంది, అయితే అప్పటిదాకా మార్చిన బైట్లను కూడా తిరిగిస్తుంది కాబట్టి ఎర్రర్ చూడకుండా ముందుకెళ్లొద్దు. రస్ట్‌లో హెక్స్ క్రేట్ అక్షరంతో పాటు స్థానం కూడా ఇస్తుంది. ఇవన్నీ బాగానే ఉన్నాయి.

కమాండ్ లైన్లో ఎక్స్‌ఎక్స్‌డీ అనే టూల్ చాలామందికి అలవాటు, విమ్ ఎడిటర్‌తో పాటు వస్తుంది. రివర్స్, ప్లెయిన్ ఆప్షన్లతో మన లైనును సరిగ్గా 3 బైట్లు చేస్తుంది. కానీ దాని మాన్ పేజీలోనే ఉంది, రివర్స్ చేసేటప్పుడు పార్స్ ఎర్రర్లు ఎప్పుడూ ఇవ్వదని, చెత్తను చప్పుడు లేకుండా దాటేస్తుందని. చేత్తో ఒక ప్యాకెట్ చూసుకోవడానికి హాయిగా ఉంటుంది. బిల్డ్ స్క్రిప్టులో పెట్టకండి.

ఎంత కఠినమైన పద్ధతీ పట్టలేనివి

ఒకటి ఎక్సెల్. టెస్టింగ్ టీముల్లో లాగులు ఎక్సెల్ గుండా తిరుగుతాయి. 18 అంకెల మన హైదరాబాద్‌ను గడిలో పేస్ట్ చేస్తే ఎక్సెల్ దాన్ని సంఖ్య అనుకుంటుంది. 15 అంకెలకు మించి దాచుకోలేదు కాబట్టి 487964657261626000 చేస్తుంది. చివరి 164 పోయి 000 వచ్చింది. గడిని నంబర్ ఫార్మాట్‌లో పెట్టి మళ్లీ బయటికి తీస్తే పొడవు సరి సంఖ్యే, అన్నీ హెక్స్ అంకెలే. ఫ్రమ్‌హెక్స్ అయినా, నా టేబుల్ అయినా సంతోషంగా మార్చేస్తాయి. 12 తర్వాత ఇ, ఆ తర్వాత 3 ఉన్న హెక్స్‌ను 12 వేలుగా చదువుతుంది, ముందున్న సున్నాలను తీసేస్తుంది. హెక్స్ ఎక్సెల్‌లోకి వెళ్లక తప్పదంటే ఆ కాలమ్‌ను ముందే టెక్స్ట్ ఫార్మాట్‌లో పెట్టాలి, పేస్ట్ చేశాక పెడితే లాభం లేదు. ఇలాంటివి పట్టుకోవాలంటే డేటాలోనే చెక్‌సమ్ (బైట్లు మారలేదని సరిచూసుకోవడానికి చేర్చే సంఖ్య) ఉండాలి.

రెండోది, అసలు మార్చడమే మర్చిపోవడం. ఏఈఎస్-128 కీ 16 బైట్లు, హెక్స్‌లో 32 అక్షరాలు. ఆ 32 అక్షరాల టెక్స్ట్‌నే బైట్లుగా లైబ్రరీకి ఇచ్చేస్తే 32 బైట్లవుతుంది, అది ఏఈఎస్-256 కు సరిపోయే పొడవు. కీ పొడవును బట్టి రకం ఎంచుకునే లైబ్రరీ అయితే ఆనందంగా 256 తో ఎన్‌క్రిప్ట్ చేస్తుంది. అవతలి పార్టీ దగ్గర డీక్రిప్ట్ కాదు, తప్పు ఎవరిదో తెలియక రెండు టీములకూ టెన్షన్. కీ తీసుకునే ఫంక్షన్ పొడవు 16 అని గట్టిగా సరిచూస్తే ఈ గొడవ మొదట్లోనే ఆగుతుంది.

మూడోది, డాట్ హెక్స్ అని చివర ఉన్న ప్రతి ఫైలూ ఒట్టి హెక్స్ కాదు. కంపైలర్ ఇచ్చే ఫర్మ్‌వేర్ ఫైలు చాలావరకు ఇంటెల్ హెక్స్. ప్రతి లైనూ కోలన్‌తో మొదలవుతుంది; తర్వాత డేటా బైట్ల సంఖ్య 1 బైటు, అడ్రస్ 2 బైట్లు, రికార్డు రకం 1 బైటు, డేటా, చివర చెక్‌సమ్ 1 బైటు. కోలన్ తీసేసి మొత్తం బైట్లుగా మార్చి బోర్డులోకి ఎక్కించాం, నడవట్లేదు అని అడిగేవాళ్లుంటారు. అడ్రసులు, చెక్‌సమ్‌లు కూడా ప్రోగ్రామ్‌లో కలిసిపోతే ఎలా నడుస్తుంది? పెద్ద పని అయితే దీనికోసమే ఉన్న లైబ్రరీలు వాడండి. చిన్నదైతే కోలన్ తర్వాత ఉన్నదాన్ని ఫ్రమ్‌హెక్స్‌కు ఇచ్చి, వచ్చిన బైట్లన్నీ కూడండి, 256 తో భాగిస్తే శేషం 0 రావాలి. రాకపోతే ఆ లైను నంబరు చెప్పి ఆపేయండి. ముగింపు రికార్డులో డేటా 0 బైట్లు, అడ్రస్ 0000, రకం 01, చెక్‌సమ్ ఎఫ్ఎఫ్. 1 కి 255 కలిపితే 256, శేషం 0. ఆ రికార్డు కనపడకుండానే ఫైలు అయిపోతే అది సగంలో తెగిన ఫైలు, అప్పటిదాకా ప్రతి లైనూ సరిగ్గానే ఉన్నా సరే బోర్డులోకి పంపకుండా ఎర్రర్ ఇవ్వండి.